నెహాండవ్వ: పూనకం మీద కేసు పెట్టి ఉరి తీసిన కథ



ఈ పోస్టు కొంచెం పొడుగు. పనులన్నీ అయ్యాక, రాత్రి తిని మంచం మీద వాలాక చదవండి. తొందరేమీ లేదు, వందేళ్లు దాటిన సంగతి.

జాతర రోజు అమ్మవారు పూనిన మనిషిని మీరంతా చూసే ఉంటారు. కొన్ని ఊళ్లలో గణాచారి అంటాం, కొన్నిచోట్ల శివసత్తి అంటాం. పూనకం రాగానే మన నోటి నుంచి మొదట వచ్చే ప్రశ్న ఏది? "ఈ ఏడు వానలెట్లుంటాయి తల్లీ?" అనే కదా. నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు పక్కన నిలబడి చూస్తారు. తెల్లారితే ఆ మనిషి మళ్లీ మనతో పాటు కలుపు తీయడానికి వస్తుంది. అంతే.

ఆ పూనకంలో చెప్పిన మాటకు కోర్టులో కేసు పెట్టి, శిక్ష వేసి, ఉరి తీశారంటే నమ్ముతారా? ఆఫ్రికాలో జరిగింది. ఇప్పుడు జింబాబ్వే అంటున్నామే, ఆ దేశంలో. క్రికెట్ చూసేవాళ్లకు హరారే అనే ఊరి పేరు తెలుసు. ఆ హరారేకి ఉత్తరాన 40 కిలోమీటర్ల దూరంలో మజోవె అనే లోయ ఉంది. ఆ లోయలో ఉండిన చార్వె అనే ఆవిడ కథ ఇది. ఆమె మీదకు వచ్చే పెద్దల ఆత్మ పేరు నెహాండ. అక్కడి జనం ఆమెను "ంబూయ నెహాండ" అంటారు. ంబూయ అంటే వాళ్ల భాషలో అవ్వ. అందుకని నేను నెహాండవ్వ అనే రాస్తున్నా.

ముందు వాళ్ల పద్ధతి చెప్పాలి, లేకుంటే తర్వాత కథ అర్థం కాదు.

అక్కడి జనాన్ని షోనా జాతి అంటారు. సేద్యం చేసుకునేవాళ్లు. జొన్న, సజ్జ, రాగి, తర్వాత్తర్వాత మొక్కజొన్న. రాగి అనగానే ఆగండి. మన రాగి పుట్టిల్లే తూర్పు ఆఫ్రికా. వేల ఏళ్ల కిందట అక్కడి నుంచి మన దేశానికొచ్చి మన సంగటి అయ్యింది. వాళ్లేమో రాగులు మొలకెత్తించి కల్లు లాగ పులియబెట్టి పెద్దలకు పోస్తారు. ఒక చిటికెడు నశ్యం కూడా పెడతారు. మనం పెద్దల పండక్కి పెట్టుకునే దానికీ దానికీ పెద్ద తేడా లేదు.

వాళ్ల లెక్కలో భూమికి యజమాని బతికున్న మనిషి కాదు. ఆ నేలను మొదట ఏలిన రాజులు, పెద్దలు చనిపోయాక వాళ్ల ఆత్మలు సింహాల్లో ఉంటాయని నమ్మకం. అందుకే ఆ ఆత్మలను "మొండోరో" అంటారు, ఆ మాటకు అర్థమే సింహం. వాన ఇచ్చేది ఆ పెద్దలు. కోపమొస్తే ఆపేదీ వాళ్లే. ఇప్పుడు సాగు చేస్తున్నవాడు వాళ్ల నేల మీద బతుకుతున్న బిడ్డ, అంతే. అమ్మడానికి లేదు, కొనడానికి లేదు.

ఆ పెద్దలు మాట్లాడాలంటే ఒక నోరు కావాలి కదా. ఆ నోరే "స్వికిరో". ఆడైనా కావచ్చు, మగైనా కావచ్చు. ముందు ఆ మనిషికి ఏదో జబ్బు చేస్తుంది, ఏ మందుకూ తగ్గదు. పెద్దలెవరో పట్టారని అనుమానం వస్తుంది. అప్పుడు ఊరోళ్లు ఊరికే నమ్మరండీ, పరీక్ష పెడతారు. పూనకంలో ఆ రాజు వంశం మొత్తం చెప్పాలి. ఎవరికి ఎవరు పుట్టారు, ఎక్కడ సమాధి అయ్యారు, అంతా తప్పు లేకుండా చెప్పాలి. చెప్పలేకపోతే పొమ్మంటారు.

మరి ఆ మనిషి పని ఏంటి? వానకు ముందు జరిగే కార్యం నడిపించడం మొదటి పని. వాళ్లకు వానలు అక్టోబరు, నవంబరులో మొదలై మార్చి దాకా ఉంటాయి. ఊరంతా తలా ఇంత గింజలు వేసి రాగి కల్లు చేసి తెస్తారు. వారంలో ఒక రోజు ఎవరూ పొలంలో పార పట్టకూడదని కట్టడి ఉంటుంది, దాన్ని తప్పినవాడి పంచాయితీ చూడటం ఇంకో పని. ఊరి పెద్ద చనిపోతే వారసుడు ఎవరన్న తగాదాలో పెద్దల మాట చెప్పడం ఇంకోటి. ఇన్ని చేసినా పూనకం దిగాక తానేం చెప్పిందో తనకు గుర్తుండదంటారు. ఈ చివరి మాట గుర్తుపెట్టుకోండి, కథంతా దీని మీదే తిరుగుతుంది.

నెహాండ అనే ఆత్మ చాలా పాతది. 15వ శతాబ్దంలో ముతపా అనే రాజ్యం పెట్టిన ముతోట అనే రాజు కూతురని వాళ్ల కథలు చెబుతాయి. ఆ ఆత్మ తరానికో మనిషి మీదకు వస్తుంది. 1890ల నాటికి మజోవెలో ఆ మనిషి మన చార్వె.

ఇప్పుడు కంపెనీ సంగతి. మనకు ఈస్టిండియా కంపెనీ వచ్చినట్టు వాళ్లకు బ్రిటిష్ సౌతాఫ్రికా కంపెనీ వచ్చింది. దాని పెద్ద సెసిల్ రోడ్స్. 1889లో ఇంగ్లండ్ రాణి దగ్గర పట్టా తెచ్చుకున్నాడు. 1890 సెప్టెంబరులో కంపెనీ దండు ఇప్పటి హరారే ఉన్న చోటికొచ్చి జెండా పాతి, సాలిస్‌బరీ అని పేరు పెట్టింది. ఆ దండులో వచ్చిన ఒక్కొక్కడికి ముందే ఆశ చూపించిన జీతం ఏంటో తెలుసా? 3,000 ఎకరాల పొలం, 15 బంగారు గని వాటాలు. మళ్లీ చదవండి. మనిషికి మూడు వేల ఎకరాలు. ఎవరి ఎకరాలు? పెద్దలవి, అమ్మకూడని నేలవి.

బంగారం అనుకున్నంత దొరకలేదు. దాంతో భూమి మీద, పశువుల మీద, కూలీల మీద పడ్డారు. 1894లో గుడిసె పన్ను వేశారు. గుడిసెకు 10 షిల్లింగులు. ఆ జనం దగ్గర షిల్లింగు ఎక్కడిది? గింజలో, గొడ్డో ఇవ్వాలి, లేదా గనుల్లో, తెల్లవాళ్ల పొలాల్లో కూలికి పోవాలి. పన్ను అసలు ఉద్దేశం కూడా అదే. రైతును కూలీ చేయడానికి ఇంతకంటే సులువు దారి లేదు.

ఇదిలా ఉంటే 1896లో మూడు దెబ్బలు ఒకేసారి తగిలాయి. వానలు లేవు. మిడతల దండు వచ్చింది. పశువులకు రిండర్‌పెస్ట్ వచ్చింది. మన పెద్దలు ముసర రోగం అనేవాళ్లే, అదే. ఇప్పటి కుర్రోళ్లకు తెలియదు, 2011లో ప్రపంచం మొత్తం మీద ఆ రోగం పోయిందని ప్రకటించారు. ఆ రోజుల్లో మాత్రం మందలకు మందలు వారాల్లో తుడిచిపెట్టుకుపోయేవి. ఆఫ్రికా పై నుంచి కింద దాకా అట్లా ఊడ్చేసింది. రోగం ఆపాలని కంపెనీవాళ్లు బాగున్న గొడ్లను కూడా కాల్చి చంపించారు. కళ్ల ముందు నిలబడి మేత మేస్తున్న ఆవును తుపాకీతో కాలుస్తుంటే ఆ రైతుకు ఎట్లుంటుందో నేను రాయక్కర్లేదు, పశువు ఉన్నోడికి తెలుసు.

మజోవె వైపు పొలార్డ్ అనే కంపెనీ అధికారి ఉండేవాడు. చివేషె అనే ఊరి పెద్ద తన పశువులకు రోగమొచ్చిన సంగతి తెలియజేయలేదని అతన్ని కొట్టించాడని చరిత్రకారులు రాశారు. గొడ్లు పోయినోడికి దెబ్బలు అదనం.

జనం పెద్దల దగ్గరకు పోయారు. పోరా మరి? వానలెందుకు పడటం లేదు, గొడ్లెందుకు చస్తున్నాయి అని అడగాల్సింది అక్కడే కదా.

1896 మార్చిలో పడమటి వైపు ఎన్‌డెబెలె జాతి తిరగబడింది. జూన్‌లో షోనా ఊళ్లు లేచాయి. వాళ్ల భాషలో దీన్ని చిమురెంగ అంటారు. కంపెనీ పోలీసుల్లో చాలామంది అప్పటికే పక్క దేశం ట్రాన్స్‌వాల్ మీద దాడికి పోయి పట్టుబడి ఉన్నారు, కాపలా తక్కువ. ఆ రెండు తిరుగుబాట్లలో ఆ దేశంలో ఉన్న తెల్లవాళ్లలో దాదాపు పదో వంతు చనిపోయారు. మజోవెలో పొలార్డ్‌ను కూడా చంపేశారు.

ఇంగ్లండ్ నుంచి, దక్షిణాఫ్రికా నుంచి సైన్యాలొచ్చాయి. ధాన్యం గాదెలు తగలబెట్టారు. నిలబడ్డ పంట కాల్చారు. జనం కొండ గుహల్లో దాక్కుంటే ఆ గుహలను డైనమైట్ పెట్టి పేల్చారు. లోపల పిల్లా జెల్లా ఉన్నారా అని చూసినవాడు లేడు. ఏడాదిన్నర ఈడ్చారు. 1897 అక్టోబరులో కగువి అనే ఇంకో స్వికిరో లొంగిపోయాడు. డిసెంబరులో నెహాండవ్వ దొరికింది. ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి తీసిన ఫోటో ఒకటి ఇప్పటికీ ఉంది. ఆ దేశంలో ఆ ఫోటో తెలియని మనిషి ఉండడు.

1898 మార్చిలో విచారణ. పొలార్డ్‌ను చంపమని ఆమె ఆజ్ఞ ఇచ్చిందని నేరం. ఇక్కడే అసలు చిక్కు. ఒక్క నిమిషం ఆలోచించండి.

షోనావాళ్ల లెక్కలో చార్వె వేరు, నెహాండ వేరు. చార్వె ఒక ఆడమనిషి, ఆకలేస్తుంది, నిద్రొస్తుంది. నెహాండ వందల ఏళ్ల కిందటి పెద్ద. నోరు చార్వెది, మాట నెహాండది. కోర్టుకు ఈ తేడా తెలియదు, అక్కర్లేదు. బోనులో నిలబెట్టగలిగింది చార్వెనే కాబట్టి చార్వెకు శిక్ష వేశారు. కేసు కాగితాల్లో మాత్రం నెహాండ అని రాశారు. అంటే మాట మీద కేసు, మనిషికి ఉరి.

ఇంకో చిక్కు కూడా ఉంది. అసలు ఆమె చంపమని చెప్పిందా? 1967లో టెరెన్స్ రేంజర్ అనే చరిత్రకారుడు ఈ తిరుగుబాటు మీద పెద్ద పుస్తకం రాశాడు. స్వికిరోలే ఊళ్లను కలిపి నడిపించారని ఆయన లెక్క. తర్వాత డేవిడ్ బీచ్ అనే ఇంకో చరిత్రకారుడు పాత కాగితాలు, సాక్షుల మాటలు మళ్లీ తిరగేశాడు. ఊళ్లు దేనికదే తన బాధ మీద లేచాయి, పక్క ఊరి కబురు విని ఇంకోటి లేచింది, పైనుంచి నడిపిన ఒక్క చెయ్యి లేదు అన్నాడు. 1998లో, అంటే ఉరి తీసిన సరిగ్గా నూరేళ్లకు, చార్వె నిర్దోషి అయి ఉండొచ్చా అని ప్రశ్న వేస్తూ వ్యాసమే రాశాడు. తెల్లవాళ్లకు తిరుగుబాటు వెనక ఒక మంత్రగత్తె ఉందంటే సులువు. ఎందుకంటే అప్పుడు గుడిసె పన్ను గురించి, చంపించిన గొడ్ల గురించి, మూడు వేల ఎకరాల గురించి మాట్లాడే పని ఉండదు.

నాకైతే బీచ్ మాట దగ్గరగా అనిపిస్తుంది. ఎందుకో చెప్తా. మనమూ రైతులమే. కడుపు మండితే లేవడానికి ఎవరో పూనకమొచ్చి చెప్పక్కర్లేదు. ఆ ధైర్యం మాత్రం ఎక్కడినుంచో రావాలి. నెహాండవ్వ దగ్గర జనం తెచ్చుకున్నది ఆజ్ఞ కాదు, ధైర్యం అని నా లెక్క. మీరు వేరేగా అనుకుంటే తప్పు లేదు.

1898 ఏప్రిల్ 27న సాలిస్‌బరీలో ఆమెను, కగువిని ఉరి తీశారు. రిచార్ట్జ్ అనే క్రైస్తవ పాదిరి చివరి రోజుల్లో ఇద్దరికీ మతం ఇవ్వాలని చూశాడు. కగువి ఒప్పుకున్నాడు. ఆమె ఒప్పుకోలేదు. ఆ పాదిరే తర్వాత రాసి పెట్టాడు. ఆమె తన జనాన్ని పిలిచిందని, తన ఊరికి, మజోవెకు పంపమని అడిగిందని, పాడిందని, ఆడిందని, చివరి క్షణం దాకా లొంగలేదని. సినిమాల్లో చూపించినట్టు మౌనంగా తల ఎత్తుకుని నడిచిపోలేదు. గోల చేసింది, పెనుగులాడింది. చావంటే ఎవరికైనా అంతే కదా. నాకు ఆ మాట చదివాకే ఆమె మీద గౌరవం ఇంకా పెరిగింది.

తన ఎముకలు మళ్లీ లేస్తాయని ఆమె అన్నదని జనం నోట నిలిచిపోయింది.

తర్వాత ఏం జరిగింది? 1930లో చట్టం చేసి దేశంలో దాదాపు సగం భూమిని, మంచి భూమిని, కొద్దిమంది తెల్లవాళ్లకు రాసేశారు. మజోవె లోయలో కంపెనీ నారింజ తోటలు పెట్టింది, 1920 నాటికి ఆనకట్ట కట్టింది. మజోవె పేరుతో నారింజ రసం సీసాలు ఇప్పటికీ అక్కడ ప్రతి అంగట్లో ఉంటాయి. ఎవరి నేల, ఎవరి నీళ్లు, ఎవరి తోట.

1970ల మొదట్లో మళ్లీ పోరాటం మొదలైంది. తుపాకులు పట్టిన కుర్రోళ్లు ఉత్తరాన జాంబేజి నది వైపు డండె అనే ప్రాంతానికి వచ్చారు. ఊళ్లు వాళ్లను నమ్మాలంటే ఎవరిని అడగాలి? అప్పటికి నెహాండ ఆత్మ అక్కడ ఇంకో ముసలావిడ మీద ఉంది. ఆమెను కలిశారు. ప్రభుత్వం పట్టుకుంటుందేమోనని ఆమెను మొజాంబిక్‌లో చిఫోంబో అనే తమ శిబిరానికి తీసుకుపోయారు. 1973లో అక్కడే చనిపోయింది. డేవిడ్ లాన్ అనే పరిశోధకుడు తర్వాత డండెలో ఉండి ఇదంతా సేకరించి 1985లో పుస్తకం వేశాడు. స్వికిరోలు ఆ కుర్రోళ్లకు పెట్టిన షరతులు చూడండి. అడవి జంతువులను చంపకూడదు. ఆడవాళ్ల జోలికి పోకూడదు. కొన్ని తిండ్లు ముట్టకూడదు. తుపాకీ ఉన్నోడికి కట్టుబాటు పెట్టగలిగింది ఆ ముసలాళ్లే. తెల్ల ప్రభుత్వం కూడా తక్కువ తినలేదు. స్వికిరోలు తమ వైపే ఉన్నారని విమానాల నుంచి కాగితాలు చల్లింది, పూనకంలో మాట్లాడిన మాటలు రికార్డు చేసి పైనుంచి వినిపించింది. 75 ఏళ్ల కిందట మంత్రగత్తె అని ఉరి తీసినవాళ్ల వారసులే ఇప్పుడు అదే నోటి కోసం వెతుక్కున్నారు.

1980 ఏప్రిల్ 18న స్వాతంత్ర్యం వచ్చింది. హరారేలో పెద్దాసుపత్రి కాన్పుల విభాగానికి నెహాండవ్వ పేరు పెట్టారు. 2021లో నగరం నడిబొడ్డున ఆమె విగ్రహం నిలబెట్టారు.

ఇంతటితో ఆపితే కథ బాగుంటుంది గానీ, నిజం సగమే చెప్పినట్టవుతుంది.

2000 నుంచి సుమారు 4,000 తెల్లవాళ్ల ఫారాలను తీసుకున్నారు. దానికి మూడో చిమురెంగ అని పేరు పెట్టారు, అంటే అవ్వ పేరు మీదే. చాలామంది పేదలకు భూమి వచ్చింది, అది నిజం. మంచి ఫారాలు కొన్ని పెద్ద తలకాయలకు పోయాయి, అదీ నిజం. ఆ ఫారాల్లో పని చేసే నల్ల కూలీలు లక్షల్లో రోడ్డున పడ్డారు, అది మరీ నిజం.

2007లో ఇంకో తమాషా. చిన్‌హోయి అనే ఊరి దగ్గర ఒక స్త్రీ తనకు ఆత్మ పూనుతుందని, రాతిలోంచి శుద్ధమైన డీజిల్ వస్తోందని చెప్పింది. దేశంలో డీజిల్ లేక బండ్లు ఆగిపోయిన రోజులు. మంత్రులే వెళ్లి చూసొచ్చారు, ఆమెకు డబ్బులిచ్చారు. చివరికి మోసమని తేలి ఆమెకు జైలు శిక్ష పడింది.

ఇద్దరికీ పూనకమే. తేడా ఎక్కడుంది? నాకు తోచింది చెప్తా. డీజిల్ ఆవిడ పైవాళ్లు వినాలనుకున్న మాట చెప్పింది, ఇనాం తీసుకుంది. చార్వె తన ఊరి బాధను పెద్దల గొంతుతో పలికింది, ఉరి తీసుకుంది. పూనకం నిజమా అబద్ధమా అని తేల్చడానికి నేను ఈ పోస్టు రాయలేదు. ఆ మాట వల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్నది చూస్తే చాలు. ఎవరైనా దేవుడి పేరు మీదో, చనిపోయిన పెద్దల పేరు మీదో, రైతు పేరు మీదో మాట్లాడుతుంటే అదే కొలత పెట్టండి.

ఇప్పుడు మనం ఒక సెంటు భూమి గురించి ఎన్ని కాగితాలు తిప్పుతున్నాం? పాసుబుక్కు, అడంగల్, సర్వే నంబరు, ఆన్‌లైన్. ఇవన్నీ భూమి ఎవరిదో చెబుతాయి. మనం భూమికి ఏమవుతామో ఏ కాగితంలోనూ లేదు. షోనావాళ్లు ఆ ప్రశ్నకు ఒక మనిషిని పెట్టుకున్నారు. వానకు ముందు ఊరంతా ఆమె ముందు కూర్చుని, మేం కాపలాదారులం మాత్రమే అని ఒప్పుకునేవాళ్లు. కంపెనీకి అడ్డమొచ్చింది ఆ ఒప్పుకోలే. మూడు వేల ఎకరాలు రాసివ్వాలంటే ముందు ఆ నోరు మూయించాలి.

నోరు మూయించారు. మాట ఇంకో నోట్లోకి పోయింది.

ఈసారి రాగి సంగటి ముద్ద చేతిలోకి తీసుకున్నప్పుడు ఆ గింజ వచ్చిన దిక్కును ఒకసారి తలుచుకోండి. అటువైపు కూడా మనలాంటోళ్లే, మబ్బు వైపు చూస్తూ ఉంటారు.

ఉంటా మరి. మళ్లీ కలుద్దాం.